ఈకలు లేని కోయలు

ఎనభైలలో నాకు ఎర్రుపాలెం వైపు ఒక ఊళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. మాది చర్ల అవతలి కోయగూడెం. ఆ మాగాణి ఊరివాళ్లు కోయవాళ్లను చూసింది సినిమాల్లోనే. ఒంటికి మసి, నెత్తిన ఈకలు, చేతిలో బల్లెం. మాటలుండవు, అన్నీ కేకలే. టూరింగ్ టాకీసులో అలాంటి సినిమా ఆడిన మర్నాడు నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నుంచి "హుయ్ హుయ్" అని వినిపించేది. నాకు ఒళ్లు మండేది. అది ఆగకపోతే ఆ బడిలో నన్నెవరూ టీచరుగా చూడరని తెలుసు.

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. హెడ్మాస్టరు గారు పిలిచి, "మీ అడవి డాన్సు ఒకటి పెట్టించండమ్మా. మసి, ఈకలు నేను తెప్పిస్తాను" అన్నారు. మంచి మనిషే పాపం, సినిమాలు కాస్త ఎక్కువ చూస్తారు.

"డాన్సు పెడతాను సార్. మసి మాత్రం పూయను."

"మరి కోయవాళ్లని జనానికి ఎలా తెలుస్తుందమ్మా?"

"చూస్తే తెలుస్తుంది సార్" అనేసి వచ్చాను.

ఆడపిల్లలకు మా రేల పాట నేర్పాను. ఒకరి నడుం ఒకరు పట్టుకుని, వరసగా నిలబడి, నెమ్మదిగా అడుగు కలపాలి. మా గూడెంలో పెళ్లయినా పండగయినా ఇదే ఆట. ఆ రోజు మా అమ్మను కూడా బస్సెక్కించి తెచ్చాను. ఇస్త్రీ చీర కట్టుకుని, ముందు వరసలో ఊరి పెద్దరైతు భార్య పక్కన కూర్చుంది.

పాట మొదలయింది. "ఇదేం కోయ డాన్సు? గంతులేవీ?" అని ఎవరో అరిచారు. నేను వేదిక పక్కన పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. పెద్దరైతు భార్య మా అమ్మ వైపు వంగి చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంది.

"టీచరుగారికి సరిగ్గా తెలిసినట్టు లేదండీ. కోయవాళ్లు ఇలా ఉండరు. ఈకలు పెట్టుకుంటారు."

మా దగ్గర రేల పాట నడుస్తుంటే చూస్తూ కూర్చునే అలవాటు లేదు. చెవిన పడితే లేచి వరసలో కలవాల్సిందే. వేదిక మీద ముఖ్య అతిథులుంటే అమ్మకేం? లేచి, పక్కావిడ చెయ్యి పట్టుకుంది.

"లెవ్వమ్మా! పాట నడుస్తుంటే గిట్ల కూసుంటరా?"

"నేనా? నాకేం తెలుసండీ కోయ ఆట?"

"ఇందాకటి సంది నాకే చెప్తివి గదా, కోయోళ్లు ఎట్లుంటరో! నేను కోయదాన్నే. రా, నేర్పిస్త."

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. అమ్మ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ వేదికెక్కారు. వరసలో నిలబడగానే ఆవిడ కంగారుగా ఒక గంతు వేసింది.

"అమ్మా, ఎగరకూడదు!" అంది వరసలో ఉన్న ఆవిడ కూతురు. "ముందు ఎడమకాలు."