మూడు కిలోల నీరు

మా అక్కది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. కిడ్నీలు పాడై నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటోంది. వెళ్లేటప్పుడు నలభై ఐదు కిలోలు తూగుతుంది, వచ్చేటప్పుడు నలభై రెండు. ఆ మూడు కిలోలూ ఒంట్లో చేరిన నీరే. నీటితో బుగ్గలు ఉబ్బిన రోజున ఊళ్లో ఆడవాళ్లు ఒళ్లు చేశావని మెచ్చుకుంటారు. నీరు తీయించుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటూ బస్సు దిగిన రోజున అయ్యో చిక్కిపోయావని జాలిపడతారు. నాకు చిర్రెత్తుకొచ్చేది. అక్క మాత్రం నవ్వి ఊరుకునేది.

కిందటేడు అక్క కూతురికి నందిగాం వైపు నుంచి సంబంధం వచ్చింది. బుధవారం డయాలసిస్, గురువారం పెళ్లిచూపులు. ఊరూరా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో తల్లికి కిడ్నీ జబ్బంటే పిల్లనూ అనుమానంగానే చూస్తారు. అందుకని టెక్కలి బడిలో సైన్సు చెప్పే నేనే, ఈసారికి ఆగి శుక్రవారం వెళ్లమన్నాను. ముఖం నిండుగా కనిపిస్తుందని నా తెలివి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

అక్క ఆస్పత్రి కాగితాలు సంచిలో సర్దుకుంది.

"ఆయాసపడతా కూకుని ఆల్లకి అబద్దం సెప్పమంతావేటే? నానెల్తాను" అంది.

వెళ్లింది. మర్నాడు ఎముకలు తేలిన మెడతో, రెండు వైపులా కుట్లు వేసి బిగించిన జాకెట్టుతో పెళ్లివారి ఎదుట కూర్చుంది. సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన చేతిని కొంగుతో కప్పుకోమని సైగ చేశాను. కప్పుకోలేదు. ఐదో తరగతితో బడి మానేసిన మా అక్కను చూసి గర్వపడ్డాను, నన్ను చూసుకుని సిగ్గుపడ్డాను.

పెళ్లికొడుకు తల్లి నిండైన మనిషి. ఇంత చిక్కారేమిటని అడగనే అడిగింది. అక్క దాచకుండా జబ్బు పేరు చెప్పింది. పిల్లకు పరీక్షలు చేయించామనీ, ఏ దోషమూ లేదన్నారనీ చెప్పి కాగితం చేతికిచ్చింది.

ఆవిడ కాగితం విప్పలేదు. కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి చీలమండ పక్కన బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

"అందరూ ఒళ్లు సేసినావంతన్నారు వదినా. ఇది ఒళ్లేనా?" అంది నెమ్మదిగా.

అక్క కుర్చీ దిగి నేల మీద కూర్చుని, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రేపు పలాసెల్లి పరీచ్చ సేయించుకుందురు గాని. నాను తోడొత్తాను" అంది.