తెల్లచొక్కా సారు కుర్చీ

పంపు కొనాలంటే ఎవరైనా ధర చూస్తారు, గ్యారంటీ చూస్తారు. తెల్లచొక్కా సారు మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పంపు పక్కన కుర్చీలో కూర్చుంటారు. అంతే! లేచేసరికి చొక్కా తెల్లగా ఉంటే పంపు పాసు. మచ్చ పడిందా, ఫెయిలు.

ఇంట్లోనూ ఇదే తంతు. మిక్సీ కొనడానికి వెళ్లి, కొట్టువాణ్ణి స్టూలు అడిగారట. "ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్లేకంటే చేత్తో రుబ్బుకోవడమే నయం" అని వాళ్లావిడ అప్పుడే దణ్ణం పెట్టేసింది.

ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూడ్డానికి కొత్తగా చేరిన అమ్మాయికి మొదటి పనే, అక్కడ పంపులు పరీక్షించే ఈయనతో పడింది. నీళ్లలోకి యాసిడ్‌ని కొలిచి వదిలే పంపు కావాలి. "సాయంత్రానికల్లా తేల్చు. లేకపోతే రేపు ప్లాంటూ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదు" అన్నాడు మేనేజరు. పాపం, ఆ పిల్లకి పొద్దున్నించీ కాఫీ కూడా దిగలేదు.

పరీక్ష కదా, యాసిడ్ బదులు నీలం రంగు కలిపిన నీళ్లు పోశారు. మొదట ప్లంజర్ పంపు. లోపల కడ్డీ ముందుకూ వెనక్కూ ఆడుతోంది.

"కొలతలో దీన్ని కొట్టేది లేదు మేడమ్! ఒక్క చుక్క అటూ ఇటూ పోదు" అన్నాడు సేల్స్ అతను.

సారు భుజమ్మీద టప్పున నీలం చుక్క పడింది.

"మరి ఈ చుక్క ఎటు పోతోంది బాబూ?"

"సీలు దగ్గర ఆ మాత్రం చెమ్మ మామూలే సార్!"

సారు బీరువాలోంచి ఇంకో చొక్కా తీసుకున్నారు.

రెండోది గొట్టాన్ని పిండుతూ నడిచే పంపు. హాయిగా తిరిగింది. సారుకి కునుకు కూడా పట్టింది. అమ్మాయి సంతకానికి పెన్ను తీసేసరికి ఆయన కళ్లు తెరిచి, "అరిగిన గొట్టం వేసి చూపించు" అన్నారు. వేశారు. అది కాస్తా ఫట్‌మని పగిలింది. సారు నిలువెల్లా నీలం!

మూడో అతను తెలివైనవాడు. పంపులో పల్చని రబ్బరు పొర అడ్డుంటుంది, అది చిరిగితే వెనక ఇంకో పొర కాస్తుంది. అయినా ఎందుకైనా మంచిదని కుర్చీని దూరంగా జరిపాడు. సారు దాన్ని మళ్లీ పాత చోటికే లాగి, చొక్కా మార్చుకోవడానికి వెళ్లారు.

అమ్మాయికి ఒళ్లు మండింది. "గజం దూరం జరిగితే ఈయన సొమ్మేం పోయింది!" అంటూ ఆ కుర్చీలోనే కూలబడింది.

మూల నిలబడ్డ, రోజూ పంపు నడిపే ఆపరేటరమ్మ నవ్వింది. "జరపకూడదమ్మా. అక్కడైతేనే గేజీ కనబడుతుంది, వాల్వు అందుతుంది. షిఫ్టంతా నేను కూర్చునే చోటది."

"మరి సారు?"

ఆపరేటరమ్మ చెయ్యి చాపింది. మణికట్టు మీద పాత యాసిడ్ మచ్చ. "పంపు కారుతోందని నేను మొత్తుకుంటే ఆఫీసువాళ్లు 'కొంచెమేగా' అనేవారు. సారు చొక్కా పాడైతే మాత్రం వెంటనే పంపు మారుస్తున్నారు."

అమ్మాయి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఇందాక చెమ్మ మామూలేనని అంటే తనూ తలూపింది మరి.

సారు తెల్లగా మెరిసిపోతూ వచ్చారు. "లేమ్మా, అది నా చోటు."

"మీదేం కాదట సార్. కావాలంటే ఇంకో కుర్చీ తెచ్చుకోండి."

సారు ఆపరేటరమ్మ వైపు దొంగచూపు చూసి, ఇంకో కుర్చీ తెచ్చుకున్నారు. సాయంత్రం దాకా ఆయన తెల్ల చొక్కా, ఆ పిల్ల లేత పసుపు చుడీదార్ పక్కపక్కనే కాపలా కాశాయి. మచ్చ పడలేదు. ఆ పంపుకే సంతకం పడింది.

ఆపరేటరమ్మ క్యారేజీ కింద పెట్టి ఇద్దర్నీ చూసింది. "పంపు పాసయిందిగా! ఇక లేచి నన్ను కూర్చోనిస్తారా?"