కరెంటు తీసీసినాడు

శ్రీకూర్మం స్వామి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. (ఒట్టు పెట్టేటప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఉంది. అలాంటి ఒట్టు చెల్లుతుందో లేదో స్వామికే తెలియాలి.) ఆ రోజుల్లో మా వైపు ఇళ్లలో ప్లగ్గు అనేది ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ఫ్యాను వైరు కొసని పళ్లతో ఒలిచి, రాగి తీగల్ని సాకెట్టు కన్నాల్లో దూర్చి, ఊడిపోకుండా చెరో అగ్గిపుల్లా గుచ్చేస్తే పని అయిపోయినట్టే. అంటుకునే పుల్లనే కాపలా పెడుతున్నామని ఎవరికీ తట్టేది కాదు. విజయనగరంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో పనికి కుదిరిన నాకూ తట్టలేదు.

కొట్లో నా పని అడిగిన సామాను అందివ్వడం. దాంతో అన్నిటి పేర్లూ వచ్చాయి, ఏదీ బిగించడం మాత్రం రాలేదు. గజపతినగరంలో ఉన్న మా మావకి ఈ సంగతి తెలియదు. మావకి ఒక కూతురు, అంటే నా మరదలు. నేనొక చోట నిలవలేనని మావ నన్ను "కుదురులేనోడా" అనే పిలిచేవాడు. "సేతి పని రానోడికి పిల్లనెలగిస్తాను?" అని మా అమ్మతో అన్నాడట. అది విన్నప్పటి నుంచి నేను కూర్చుంటే మోకాళ్లు ఊగేవి, నిలబడితే మడమలు ఊగేవి.

మావ ఇంట్లో అందరికంటే ప్రమాదకరమైన జీవి వంటింటి సాకెట్టు. ఒక కన్నం చుట్టూ మాడి నల్లబడింది. గ్రైండరు వేస్తే చిటచిటమనేది, మాడు వాసన వచ్చేది. ఎర్తు తీగ లేనే లేదు. తడి చేత్తో గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమనేది కాబట్టి మరదలు చెప్పులేసుకుని పిండి రుబ్బేది.

"వంటింట్లో సెప్పులేటే? లచ్చిందేవి ఎలిపోద్ది," అనేది అత్త.

"నాను ఎలిపోకుండా ఏసుకున్నానమ్మా," అనేది మరదలు.

ఆ మాట విన్నాక, కొట్టుకొచ్చే ఎలక్ట్రీషియన్లని అడిగి సాకెట్టు బిగించడం నేర్చుకున్నాను. మరుసటి ఆదివారం ఉదయం కొత్త సాకెట్టు, మూడు పిన్నుల ప్లగ్గు, కాస్త తీగ పట్టుకుని, చొక్కా జేబుకి పెన్నులాగ టెస్టరు తగిలించుకుని (అందం కోసమే) మావ ఇంట్లో దిగాను.

"మావా, మెయిను తీసీ," అన్నాను.

"తీస్తాన్లేరా, కుదురుగుండు," అంటూ మావ మెయిను ఉన్న వీధి అరుగు మీదకి వెళ్లాడు. కాసేపటికి నడవలో ఫ్యాను ఆగింది. అయినా జాగ్రత్తపరుణ్ణి కదా, గట్టిగా అడిగాను.

"అత్తా, కరెంటు తీసీసినాడా?"

"తీసీసినాడు నాయినా," అంది అత్త పెరట్లోంచి.

ఇంకేం కావాలి? బోర్డు విప్పాను. టెస్టరు జేబులోనే ఠీవిగా ఉంది. వేలు అలా తీగకి ఆనిందో లేదో, మూరెడు నీలం మంట లేచింది. నేను ఎగిరి వెళ్లి పిండి డేగిసాలో నడుం దాకా కూలబడ్డాను. స్క్రూడ్రైవరు ఇంటి పెంకుల్లోంచి దూసుకుపోయి బొబ్బిలి వైపు తిరిగింది. నడవలో ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"మెయిను తియ్యలేదేటి మావా?" అని అరిచాను.

మావ పరిగెత్తుకొచ్చాడు. "పక్కింటోడు మాటల్లో ఎట్టీసినాడ్రా. మర్సిపోనాను."

"మరి అత్త తీసీసినాడంది?"

"లైన్మేను తీసీసినాడన్నాన్రా," అంది అత్త. "మీ మావ ఓ పని సేసీసినాడని నా బతుకులో ఎప్పుడైనా సెప్పానేటి?"

అదీ సంగతి. మా వైపు కరెంటు దానంతటది పోదు, ఎవడో తీసేస్తాడు. ఆ ఎవడో కనబడడు, మళ్లీ ఎప్పుడు వేస్తాడో చెప్పడు. అతనికీ మా మావకీ భాషలో 'తీసీసినాడు' అని ఒకటే మాట ఉండబట్టి నా ప్రాణం మీదకి వచ్చింది.

మరదలు అరుగు మీదకి వెళ్లింది. మెయిను దించి, ఫీజులు పీకి, చున్నీ కొసన ముడేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఇప్పుడు సెయ్యి బావా. ముందు ఆ టెస్టరు ఎట్టి సూడు. జేబుకి అందం సాల్లే."

టెస్టరు వెలగలేదు. మాడిన తీగ కొసలు కత్తిరించి, కొత్త సాకెట్టు బిగించి, తెచ్చిన తీగతో దాన్ని మెయిను దగ్గరి ఎర్తుకి కలిపి, కొత్త ప్లగ్గు వేశాను. ఫీజులు మళ్లీ పెట్టాక గ్రైండరు ఒంటికి టెస్టరు ఆనిస్తే అక్కడా వెలగలేదు. మరదలు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. మావ ఆ చెప్పుల వైపు చూశాడు. "కుదురు లేదు గానీ, పరవాలేదు," అన్నాడు. పెళ్లికి అంతకంటే పెద్ద అంగీకారం మావ నోటి నుంచి రాదు.

ఇక ఒట్టు సంగతి. నీలం మంట, పిండి డేగిసా, స్క్రూడ్రైవరు ప్రయాణం నేను కల్పించినవి. జరిగింది చాలా చిన్నది. నా వేలు తీగకి బెత్తెడు దూరంలో ఉండగా వెనకనుంచి మరదలు, "బావా, టీలోకి బెల్లమా, పంచదారా?" అంది. ఏది చెబితే మెచ్చుకుంటుందో తోచక చెయ్యి వెనక్కి తీసుకుని బుర్ర గోక్కున్నాను. అప్పుడు తిరిగింది ఫ్యాను. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు కాబట్టే పిండి డేగిసా తెచ్చి పెట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో ఫీజులు లేవు, తేడా వస్తే వాటంతటవే పడిపోయే స్విచ్చులున్నాయి. వాటిని కొంగున ముడేసుకోలేక, నేను బోర్డు విప్పినప్పుడల్లా మా ఆవిడ, అంటే అదే మరదలు, మెయిను దగ్గర కాపలా నిలబడుతుంది. టీ సంగతి ఇప్పటికీ అలాగే అడుగుతుంది. బెల్లమేనని ఎప్పుడో తేలిపోయినా నేను వెంటనే జవాబు చెప్పను. చేతిలో ఏముంటే అది వదిలేసి, బుర్ర గోక్కుని, ఒకసారి ఫ్యాను వైపు చూసి, అప్పుడు చెబుతాను.