మా మామ క్యాసెట్‌లో లేని మూడో చరణం

ఆ రోజుల్లో కొత్త మనిషి ఎదురైతే మేము ఊరు, పేరు, ఉద్యోగం తరువాత అడిగేవాళ్ళం. ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఒరిజినలా, రీమిక్సా?" ఆ జవాబును బట్టి అతనికి చాయ్ తాగించాలా వద్దా అన్నది తేలిపోయేది. ఇప్పటి పిల్లలకు ఈ బాధ లేదు. ఒకే పాట వాళ్ళ ఫోన్లలో రకరకాలుగా ఉంటుంది, నచ్చకపోతే బొటనవేలితో పైకి తోసేస్తారు. మేము తోసేవాళ్ళం కాదు, పట్టుకుని వేలాడేవాళ్ళం. నేనైతే పెళ్ళి రోజు దాకా వేలాడాను. నాతో పాటు మా బంధువర్గమంతా వేలాడింది కాబట్టి ఆ తప్పు నా ఒక్కడిదే కాదని నా అభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం వేరు.

ఆ పాట ఒక జానపద క్యాసెట్‌లో ఒక వైపు చివరిది. ఒక పిల్ల మిరపకాయ ఎండబోసిన కళ్లంలో కూర్చుని మేనబావ కోసం ఎదురుచూస్తుంది. "మిరపకళ్లం కాడ నేను మాపుదాక జూస్తి, మేనబావ రాడాయె" అని పల్లవి. అట్ట మీద పాడినవాళ్ళ పేరు ఉండేది కాదు, "బృందం" అని మాత్రం ఉండేది. దంతాలపల్లి దగ్గర మా ఊళ్ళో ఆ క్యాసెట్ మా మేనమామ ఒక్కడి దగ్గరే ఉంది. ఎప్పుడో డోర్నకల్‌లో బండి మారుతూ కొన్నాడు. వింటే అరిగిపోతుందని దాన్ని బీరువాలో పట్టుబట్టల కింద పెట్టి, తన రెండు క్యాసెట్ల టేప్‌రికార్డర్‌లో ఒక కాపీ తీసుకున్నాడు. (కాపీకి పెట్టి ఆయన పొలానికి నీళ్ళు కట్టడానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి కాపీ అయిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.) ఆ కాపీ నుంచి ఊరికి కాపీలు, ఊరి కాపీల నుంచి పక్క ఊళ్ళకు కాపీలు ఆ టేపులోనే తీసి ఇచ్చేవాడు. అందుకే ఆయన అసలు పేరు పోయి క్యాసెట్ మామ మిగిలాడు.

ఆ గొంతు గురించి ఏం చెప్పను. బరువుగా, నిదానంగా, ఒక్కో మాటా బావిలోంచి చేదుకున్నట్టు వచ్చేది. ఆ పాడే ఆమె జీవితంలో ఎన్ని కష్టాలు పడి ఉంటుందోనని మా వాడలో ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకునేవారు. మా ఊరి కాపీ కంటే పెద్దవంగర వాళ్ళ కాపీలో దర్దు, ఆ గొంతులో బాధ, ఇంకా ఎక్కువ ఉంటుందని తెలిసినవాళ్ళు చెప్పుకునేవారు. ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి విన్నాను. నిజమే, అక్కడ ఆ పిల్ల ముసలమ్మలా పాడుతోంది. అన్నిటికంటే గొప్పది ముగింపు. రెండు చరణాలు అయ్యాక, మూడోది "తొవ్వ పొంటి దుమ్ము లేసె" అని ఎత్తుకుంటుంది, అంతే, పాట ఆగిపోతుంది. దారి వెంట లేచిన ఆ దుమ్ము ఎవరిది, బావ వచ్చాడా, రాలేదా, తెలియదు. "చెప్పకుంట కోసేసిండు సూడు, గదీ కళ అంటే" అనేవాడు మామ. మేమంతా తలలూపేవాళ్ళం. కానీ లోపల నాకు మాత్రం ఆ బావ వచ్చాడో లేదో తెలుసుకోవాలని ఉండేది. ఈ కోరిక బయటపెడితే కళ తెలియనివాడి కింద జమకడతారని ఊరుకునేవాణ్ణి.

చదువు ముగించుకుని జనగామలో ఒక విత్తనాల దుకాణంలో పనికి కుదిరిన ఏడాదే రీమిక్స్ వచ్చింది. బస్టాండు ఎదుట ఎవరో స్పీకరు డబ్బాలు పెట్టి మోగిస్తుంటే మొదట ఏ పాటో పోల్చుకోలేదు. కింద దడదడమని మోత, పైన సన్నటి పిల్ల గొంతు ఉరుకులు పరుగులతో "మేనబావ రాడాయె" అంటోంది, అంత పెద్ద కష్టం చెబుతూ నడుమ ఎవరో మగాడు డీజే పేరు అరుస్తున్నాడు. ఒక పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి, అంతే. ఆ ఆదివారమే ఊరికి వెళ్ళి మామకు వినిపించాను. ఆయన చివరి దాకా విని, కండువా తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. "పసిపిల్ల గొంతు పెట్టిండ్రు. బావ కోసం ఏడ్సినట్టున్నదా, బెల్లం కోసం ఏడ్సినట్టున్నదా?" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ రీమిక్స్ మోగలేదు, మోగించాలని ఉన్న కుర్రాళ్ళు మిరపతోటలోకి పోయి వినేవారు.

ఇంతలో నాకు భూపాలపల్లి సంబంధం కుదిరింది. పిల్ల చక్కగా ఉంది, డిగ్రీ చదివింది, నా జోకులకు నవ్వింది. ఒప్పుకోళ్ళు, అదే నిశ్చితార్థం, అయ్యాక ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఒకనాడు ధైర్యం చేసి అసలు ప్రశ్న అడిగాను. "రీమిక్సే. మంచిగుంటది గద, కాలు ఆగది" అంది. నేను ఫోన్ చెవి నుంచి తీసి దాని వైపు చూశాను. సిగ్నల్ పోయిందనుకుని ఆమె పెట్టేసింది. మరునాడు మామ దగ్గరికి వెళ్ళి, మిగతా అన్నీ బాగున్నాయి కానీ పిల్లకు ఇదొక్క అలవాటు ఉందని చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పెండ్లయినంక మారుతది తియ్యి, నేను జెప్త" అన్నాడు. (మా దిక్కు ఈ మాట తాగే పెళ్ళికొడుకుల గురించి ఆడపిల్లల తల్లిదండ్రులకు చెబుతారు. పెళ్ళికూతురి గురించి పెళ్ళికొడుక్కి చెప్పడం అదే మొదలు.)

ఇక పెళ్ళి రోజు. మా దగ్గర ఎదుర్కోళ్ళు అని ఒక వేడుక ఉంటుంది. మగపెళ్ళివారు ఊరి మొగదలకు వచ్చి ఆగాలి. ఆడపెళ్ళివారు మేళంతో ఎదురువచ్చి, బుక్కా గులాలు చల్లి, షర్బత్ ఇచ్చి తోడుకుని పోవాలి. వాళ్ళు వచ్చి పిలిచేదాకా పెళ్ళికొడుకు కారు దిగకూడదు, దిగితే పరువు తక్కువ. మేము భూపాలపల్లి మొగదల పెట్రోలు బంకు దగ్గర ఆగాం. మామ తన టేప్‌రికార్డర్‌ను దుప్పట్లో చుట్టి తెచ్చి, ట్రాలీ బండిలో పెద్ద స్పీకరు డబ్బాలకు తగిలించాడు. బరువైన ఆ గొంతు ఎత్తుకుంది. ఎదురుగా ఆడపెళ్ళివారు కదలివచ్చారు, వాళ్ళ ముందు డీజే బండి, బండి పక్కన నా కాబోయే బామ్మర్ది. వాళ్ళదీ అదే పాట. కాకపోతే రీమిక్స్.

రెండు బండ్ల మధ్య ఒక లారీ పట్టేంత ఖాళీ ఉండగా ఇరుపక్షాలూ ఆగిపోయాయి. ఒక పక్క పాట ఏడుస్తోంది, ఇంకో పక్క అదే పాట ఎగురుతోంది. పంతులు గారు మధ్యలో నిలబడి మంత్రం చదవాలంటే ఏదో ఒకటి ఆపాలి.

"కాకా, మీది జర బంద్ పెట్టుండ్రి" అన్నాడు బామ్మర్ది మర్యాదగానే. "పెండ్లి కాడ గా ఏడుపేంది?"

"ఏడుపు కాదు పిలగా, ఒరిజినల్. ముందు మీ దడదడ ఆపు, అడుగేస్తం" అన్నాడు మామ.

"మా ఊరి పొలిమెర కాకా ఇది."

"పాట మీ ఊరిదా?"

మా నాయిన వచ్చి మామ చెవిలో ఏదో చెప్పాడు. మామ వినలేదు. పిల్ల తండ్రి కొడుకును కేకలేశాడు. వాడూ వినలేదు. చివరకు పంతులు గారిని అడిగారు, ఏది బాగుందో చెప్పమని. ఆయన గడియారం చూసుకుని, "పాటలు రెండున్నయి నాయినా, లగ్గం ఒక్కటే ఉన్నది" అన్నాడు. అందరూ బాగా చెప్పారని మెచ్చుకుని, ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడ్డారు. కారులో నేను బాసికం కింద చెమటలు కక్కుతున్నాను. లగ్నం తప్పితే మళ్ళీ ముహూర్తం ఆ మాసంలో లేదని నాకు తెలుసు. అటు పందిట్లో ఆమె గౌరీపూజ ముందు కూర్చుని ఈ మోతంతా వింటోందనీ తెలుసు. మొదటిసారి నాకు నిజంగా భయమేసింది. మామను పిలిచి ఆపమందామని నోరు తెరిచాను. నా కంటే ముందు ఇంకొకరు నోరు తెరిచారు.

పిల్ల వాళ్ళ చిన్నమ్మ. నాకు చిన్నత్త అవుతుంది. షర్బత్ బిందె నెత్తిన పెట్టుకుని ఎండలో నిలబడి నిలబడి విసిగిపోయి, ఖాళీలోకి నడిచి వచ్చి బిందె కింద పెట్టింది. "రెండూ బంద్ చేయుండ్రి. ఆ పాట నేను పాడిన" అంది.

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. మా అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నిజమే. పెండ్లిగాక ముందు పాడింది. పాటలు పాడే పిల్లంటే సంబంధాలు రావని మా నాయిన పేరెయ్యనియ్యలే. ఎవ్వలికి చెప్పొద్దన్నడు" అంది. రెండు డబ్బాలూ ఆగిపోయాయి. చిన్నత్త కొంగు బిగించుకుని పల్లవి ఎత్తుకుంది. గొంతు బరువుగా లేదు, సన్నగానూ లేదు. కళ్లంలో కాయ ఏరుకుంటూ పక్కనున్నవాళ్ళతో మాట్లాడుతున్నట్టు పాడింది.

మామ శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపాడు. "మంచిగనే పాడినవ్ చెల్లె. కని ఒరిజినల్ అట్ల ఉండదు. రాడాయె కాడ ఇంక జర గుంజాలె."

"బీట్‌కు గూడ పడ్తలేదు చిన్నమ్మ" అన్నాడు బామ్మర్ది.

"గదే నేననేది" అన్నాడు మామ. పొద్దుటి నుంచి వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఆ పాట ఎలా పాడాలో ఆ పాట పాడినామెకు నేర్పించసాగారు. వెనకాల రెండు పక్షాల జనం అవునవునని వంత పాడారు.

"నేను గుంజలే అన్నా" అంది చిన్నత్త. "అప్పుడు నాకు పదహారేండ్లు. ముద్ద మింగినంత సేపట్ల పాడేసిన. రీమిక్స్‌ల ఉన్నదే నా గొంతు, మోత వాళ్ళది. మీ డబ్బాల ఉన్నామె ఎవ్వలో నాకు తెల్వది."

అప్పుడు అర్థమైంది నాకు. మామ టేపులో పాట మోగే వైపు నిదానంగా తిరుగుతుంది. అందులో కాపీ తీసిన ప్రతిసారీ పాట ఇంకాస్త సాగింది, గొంతు ఇంకాస్త ముదిరింది. సాగిన పాట క్యాసెట్‌లో పట్టక మూడో చరణం మొదట్లోనే రీలు అయిపోయింది. కళ అనుకుని మేము ఇన్నేళ్ళు తలలూపింది రీలు అయిపోయినందుకు. కానీ ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. ఆ మూడో చరణం తెలిసిన మనిషి లోకంలో ఒకే ఒకరు, నా ఎదురుగా ఉంది. మామ, బామ్మర్దుల పాఠాలకు విసుక్కుని ఆమె బిందె ఎత్తుకోబోతోంది.

కారు తలుపు తీసుకుని దిగాను. వెనక మా అవ్వ, "వద్దు బిడ్డా, పరువు పోతది" అంటోంది. నేను సరాసరి వెళ్ళి, "అత్తమ్మా, బావ వచ్చిండా?" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "వచ్చిండు బిడ్డా. ఎందుకు రాడు?" అని ఒక గ్లాసు షర్బత్ నా చేతిలో పెట్టి, బిందె నెత్తికెత్తుకుని, పాడుకుంటూ పందిరి వైపు నడిచింది. "తొవ్వ పొంటి దుమ్ము లేసె, బండి ఇరుసు ఇరిగెనన్నడే..." నేను గ్లాసుతో వెంట నడిచాను. వినిపించాలంటే దగ్గరగా నడవాలి కాబట్టి మామ నడిచాడు, ఆయన వెనక బామ్మర్ది, ఆ వెనక రెండు పక్షాల జనమూ కలిసిపోయి నడిచారు. ఎవరు ముందు అడుగేశారో ఎవరూ చూడలేదు. బావ ఆలస్యానికి కారణం బండి ఇరుసు విరగడమట. వచ్చాక ఆ పిల్ల మంచినీళ్ళిచ్చి, తిట్టి, కళ్లంలో కాయంతా సంచులకు ఎత్తించిందట. మా యవ్వనమంతా మోసిన దుఃఖం సంగతి అదీ. లగ్నానికి పందిట్లో ఉన్నాం. పిలవకముందే దిగి వచ్చినందుకు భూపాలపల్లిలో నా పేరు ఆత్రం అల్లుడుగా స్థిరపడింది. పిల్ల మీద ఆత్రం అనుకున్నారు. మా ఆవిడ కూడా చాలాకాలం అలాగే అనుకుని మురిసింది, నేను దిద్దలేదు.

మామ మాత్రం ఒప్పుకోలేదు. "నా టేపు ఎన్నడు ఖరాబు గాలే" అంటాడు ఇప్పటికీ. అసలు క్యాసెట్ బయటికి తీసి విందామంటే, "ఇన్నంక ఏం జేస్తవ్?" అంటాడు. చిన్నత్త ఆ తరువాత పాడలేదు. అడిగితే దగ్గు వచ్చిందనో పొయ్యి మీద కూర ఉందనో అంటుంది. ఆ పొద్దున ఆమె పాడుతూ నడిచిందంతా పెళ్ళి వీడియోలో ఉంది. వీడియో తీసినాయన వాళ్ళ అలవాటు ప్రకారం మనుషుల మాటలన్నీ తీసేసి, మొత్తం దాని మీద పాటలు అతికించాడు. చిన్నత్త నెత్తిన బిందెతో నోరు కదుపుతూ వస్తుంటుంది, మోగేది మాత్రం రీమిక్స్.

పెళ్ళి రోజున ప్రతి ఏడాదీ మేమిద్దరం ఆ వీడియో పెట్టుకుంటాం. ఆ ఘట్టం రాగానే నేను టీవీ గొంతు నొక్కేస్తాను. ఈ మధ్య ఒకసారి అలా నొక్కితే, పక్కన చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా ఆవిడ తెరవైపు చూడకుండానే మూడో చరణం మెల్లగా అందుకుంది. చిన్నత్త పెదవులు కదిలినంతసేపూ పాడింది. ఎక్కడ నేర్చుకుందో అడగలేదు. శ్రుతి కాస్త పక్కకు పోయింది, ఇరుసు దగ్గర ఒక మాట మారింది. మునుపటి నేనైతే ఆపి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చిక్కుడుకాయల పళ్ళెం దగ్గరికి జరిగి, నేనూ ఒక కాయ అందుకున్నాను.