బాయిలకు పోయెటోళ్ల సబ్బు

మొన్న దుకాణంలో ఎవరో సున్నిపిండి పొట్లం విప్పారు. ఆ పచ్చి పెసర వాసనకు నాకు రెండో తరగతి బెంచీ గుర్తొచ్చింది.

రసాయనాలు కలిసిన వస్తువేదీ నా ఒంటికీ నోటికీ తగలకూడదని మా అమ్మ పట్టుదల. దుకాణం బిస్కెట్లు లేవు, సబ్బు లేదు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ. బడిలో నా పక్కన కూర్చునే సరిత ఒకరోజు ముక్కు మూసుకుంది.

"నువ్వు పప్పు వాసనొస్తున్నవే. రేపటిసంది నీ పక్కకు కూసోను."

నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

"జర ఇంత సబ్బు పెట్టరాదే పోరికి," అన్నాడు నాన్న.

"సబ్బు బాయిలకు పోయెటోళ్లకు. దీనికేం మసి అంటిందని?" అంది అమ్మ. నాన్న పనిచేసే బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు.

నాకు దారి దొరికింది. మర్నాడు పొద్దున నాన్న డ్యూటీకి వెళ్లగానే, పొయ్యి కోసం పెట్టిన బొగ్గు నూరి ముఖానికి, మెడకు, చేతులకు పూసుకుని అమ్మ ముందు నిలబడ్డాను.

అమ్మ కొట్టలేదు. నాన్న వాడే సబ్బు తెచ్చి చర్మం మండేదాకా రుద్దింది. "నువ్వు బాయిల దిగవు బిడ్డా, దిగవు," అంటూ ఏడ్చింది. ఎందుకేడ్చిందో, నాన్న దగ్గు వింటూ పెరిగాక గానీ నాకు తెలియలేదు. అప్పుడు మాత్రం ఇక సబ్బు ఇవ్వనంటోందనుకున్నాను. నురగ కళ్లలో మండుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలాను.

"దిగుతనే అమ్మా. రోజూ దిగుత."