పాయింటు పెట్టినవాడు పోకూడదు

సుబ్బన్న అరచేతిలో టెంకాయ నిలువుగా లేచిందంటే అక్కడ నీళ్లున్నట్టే. వజ్రకరూరు చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఏళ్లు ఇదే మాట చెల్లింది. నీళ్లు పడితే పేరు సుబ్బన్నది. పడకపోతే తప్పు బోరు మిషనువాడిది, అదీ కాదంటే రైతు కర్మది. దానికి తగ్గ ఆచారం ఒకటి పెట్టుకున్నాడు. బోరు వేయమని చూపించిన చోట, అంటే పాయింటు మీద, టెంకాయ కొట్టగానే వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. బోరు దిగేటప్పుడు పాయింటు పెట్టినవాడు అక్కడుంటే గంగమ్మకు కోపమట.

అలాంటి సుబ్బన్న ఇప్పుడు రూతు మీద కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నాడు. రూతు అదే ఊళ్లో ఉండే కదిరమ్మ కూతురు. అనంతపురంలో చదివి వచ్చి, పాత బోర్ల లోతులూ రాతి వివరాలూ ఫోనులో ఏఐకి ఇచ్చి పాయింట్లు పెడుతోంది. జనం ఆమె వెంట పడ్డారు. ఆమె పాయింటులో నీళ్లు పడ్డాయంటే సుబ్బన్నకు ఆ పూట ముద్ద దిగేది కాదు. ఎండిందంటే మాత్రం ఇంకో ముద్ద అడిగి పెట్టించుకునేవాడు.

ఆ మధ్య బడిలో, ఆసుపత్రిలో, సేద్యంలో ఏఐని ఎంతవరకు రానివ్వాలో మాట్లాడుకోవడానికి ఊరిసభ పెట్టారు. బడి గురించి పంతులు, మందుల గురించి నర్సు చెప్పారు. సేద్యం వంతు రాగానే సుబ్బన్న లేచాడు.

“ఫోను చెప్పిందని బోర్లేస్తాండారు. ఎండిపోతే ఫోన్ని అడగల్లనా? పాయింటు పెట్టినోళ్లు మిషను ఆగేదాకా ఆడ్నే ఉండల్ల. రైతుకు జవాబు చెప్పల్ల.”

ఒక్క ఎండిన బోరు దగ్గర నిలబెడితే ఆ పిల్ల మళ్లీ ఫోను తీయదని అతని ఎత్తు. రూతు మాత్రం, “అందరికీ అదే రూలు పెట్టండి,” అంది. పెట్టేశారు.

కొన్నాళ్లకు ఊళ్లో గంగక్క అనే ఆమె చేనులో రూతు పాయింటు ఎండిపోయింది. సుబ్బన్న పని మానుకుని వేడుక చూడటానికి వెళ్లాడు. రూతు ఎక్కడికీ పోలేదు. “నేను చెప్పింది తప్పయింది అక్కా,” అని తల దించుకుంది. గంగక్క ఏడ్చింది, తిట్టింది, చివరికి తన సద్ది విప్పి సగం ఆ పిల్లకే పెట్టింది. అది చూసి సుబ్బన్న కుతకుత ఉడికిపోయాడు.

తర్వాత ఓబుళేసు అనే రైతు సుబ్బన్నను పిలిచాడు. టెంకాయ లేచింది, కొట్టాడు, కండువా దులుపుకుని బయలుదేరాడు.

“యాడికి పోతాండావు మామా? రూలు నీదే కదా, కూచో,” అన్నాడు ఓబుళేసు.

కూర్చున్నాడు. తాను పెట్టిన పాయింటులో బోరు దిగడం దగ్గరుండి చూడటం అతనికి అదే మొదలు. రాడ్డు దిగినప్పుడల్లా ఓబుళేసు వంగి, పైకొచ్చిన పొడిని వేళ్లతో నలిపి చూస్తున్నాడు, తడి తగులుతుందేమోనని. పొద్దువాలేసరికి చుక్క నీరు పడకుండానే మిషను ఆగింది. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో ఓబుళేసు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

నీ కర్మ అనబోయిన సుబ్బన్న ఆ మొహం చూసి అనలేకపోయాడు. ‘నేను చెప్పింది తప్పయింది’ అని రూతు అన్న మాట నోటిదాకా వచ్చింది గానీ పెదవి దాటలేదు. అంత కష్టమైన మాట ఆ పిల్ల అంత సులువుగా ఎట్లా అనగలిగింది? ఫోను ఉందని పడ్డ అసూయ ఒక ఎత్తు, ఆ మాట అనగలిగిందని ఇప్పుడు పడుతున్న అసూయ ఒక ఎత్తు.

“ఇంగ పో మామా. చీకటి పడతాండాది,” అన్నాడు ఓబుళేసు.

ఇన్నేళ్లూ ఎవరూ పొమ్మనకముందే వెళ్లిపోయిన మనిషికి, ఆ రోజు పొమ్మన్నా కాళ్లు కదల్లేదు.