పసుపు కుప్పలో ఆగిన లారీ

ఆ రోజుల్లో మాకు పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అయినా ఒక్క పొద్దున మేం పోగొట్టుకున్నవి ఇవీ: ఒక మడత కుర్చీ (పక్కింటివాళ్లది), ఒక బల్ల, ఒక చాయ్ ఫ్లాస్కు, నాలుగు గాజు గ్లాసులు, ఒక పూలదండ, హైదరాబాదు సారు తెల్ల ప్యాంటు, ఒక అవ్వ ఆరబోసుకున్న పసుపులో దాదాపు రెండు బస్తాలు. వీటికి తోడు, లెక్కల్లో తప్పు చేయడని కోరుట్ల బస్టాండు నుంచి మా షెడ్డు దాకా నాకున్న పేరు. దాన్ని దేనితో తూచాలో తెలియక విడిగా ఉంచాను. ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా మేనకోడలు కంప్యూటరు ముందు కూర్చుని, "మామా, మన కంపెనీ చరిత్ర నాలుగు లైన్లల్ల చెప్పు, వెబ్‌సైట్ల పెట్టాలె" అంది. సిరిసిల్లలో మొదలు, కోరుట్లలో షెడ్డు, ముందు లారీ బ్రేకులు, తర్వాత రైలు బ్రేకులు అని చెప్పాను. నాలుగు లైన్లు సరిగ్గా సరిపోయాయి. పసుపు మాత్రం వాటిలో పట్టలేదు.

మా బావది సిరిసిల్లలో సాంచెలు (అంటే మరమగ్గాలు) నడిపే ఇల్లు. సాంచెకూ బ్రేకు ఉంటుందని చాలామందికి తెలియదు. పోగు తెగిందంటే అది ఠక్కున ఆగాలి, లేకపోతే గుడ్డ పాడవుతుంది. ఆ బ్రేకులు బాగుచేయడంతో మొదలైన బావ, మస్కట్ పోయి ఒక లారీల డిపోలో కొన్నేళ్లు బ్రేకులు విప్పి బిగించాడు. తిరిగొచ్చి, "మగ్గం ఆపినోనికి లారీ ఆపుడెంత?" అంటూ కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద రేకుల షెడ్డు వేశాడు. లారీ చక్రం డ్రమ్ములో ఒరుసుకుని బండిని ఆపే మందపాటి పట్టీలను లైనర్లు అంటారు. అవే మా సరుకు. నేను పదో తరగతితో బడికి దండం పెట్టి, పాత పుస్తకాల దుకాణంలో దొరికిన లెక్కల పుస్తకాలతో సొంతంగా కుస్తీ పడుతున్న ఇరవై ఏళ్లవాణ్ని. షెడ్డులో కొలతల నుంచి చాయ్ దాకా అన్నీ నావే.

రైళ్లకూ లారీలకూ బ్రేకులు చేసే పెద్ద కంపెనీ ఒకటి హైదరాబాదులో ఉండేది. లైనర్లు చేసిచ్చే చిన్న షెడ్ల కోసం వాళ్లు చూస్తున్నారని తెలిసి బావ వెంటపడ్డాడు. (మా ఊరికి అప్పటికింకా రైలే రాలేదు. "ముందుగాల రైలు రానియ్యి, ఎన్క ఆపుదువు గని" అని చాయ్ హోటలు దగ్గర నవ్వేవాళ్లు.) చివరికి ఒక సారు వచ్చి పరీక్ష చేస్తానన్నాడు. ఆర్డరు వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే బావ మళ్లీ మస్కట్ పోవాలి. వీసా వచ్చి అప్పటికే ఇంట్లో ఉంది. మా అక్క ఆ కవరు పెట్టిన అల్మారా తెరవడం మానేసింది. అత్తమ్మ, అంటే బావ తల్లి, ఆ నెలలో మొక్కని దేవుడు లేడు.

పరీక్షకు మూతబడిన ఒక రైసు మిల్లు కల్లం కుదిరింది. ఇసుక బస్తాలు నింపిన లారీకి మా కొత్త లైనర్లు బిగించాం. తోలేవాణ్ని అందరూ సైలెన్సర్ అనేవారు (అతను నోరు తెరిస్తే మనం చెవులు మూసుకోవాలి). ఏ వేగంలో బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందో నేను కాగితాలు ఖరాబు చేసి మరీ కట్టాను. ముప్పై రెండు అడుగులు వచ్చింది. అక్కడ సున్నంతో గీత గీసి, గీత అవతల ఆరడుగుల్లో సారుకు కుర్చీ, బల్ల, చాయ్, దండ అమర్చాను. "గింత దగ్గరనా బామ్మర్దీ?" అన్నాడు బావ. "దగ్గర్నుంచి చూస్తెనే నమ్మకం కుదుర్తది బావా" అన్నాను. కుర్చీ వెనకాల ఒక అవ్వ పసుపు కొమ్ములు ఆరబోసుకుంది. అవి జరుపుకొమ్మని బావ చెబుతుంటే నేనే అడ్డుపడ్డాను. "ఆడిదాక రాదవ్వా, నేను లెక్క చేసిన." అవ్వ నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసి, "ఏం సదివినవ్ కొడుకా?" అంది. "సొంతంగ సదువుకున్ననవ్వా." "అట్లనా? అయితె జరుపుకుంటనే తియ్యి" అని బుట్ట అందుకుంది. కానీ రెండు బుట్టలు ఎత్తేసరికే లారీ బయలుదేరింది.

సైలెన్సర్ తొక్కాల్సిన చోటే తొక్కాడు. ఆ సంగతి మాకు ఎలా తెలిసిందంటే, ఆ క్షణమే "పడ్తలేదోయ్!" అన్న కేక మిల్లు గోడకు తగిలి తిరిగొచ్చింది. గీత దగ్గరికి వచ్చేసరికి లారీ పెండ్లి ఊరేగింపంత నెమ్మదిగానే నడుస్తోంది, అయితే ఆగే ఉద్దేశం మాత్రం కనబడలేదు. బావ సారు చేయి పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ వెళ్లి పసుపులో పడ్డారు. కుర్చీ, బల్ల, ఫ్లాస్కు, దండ వరుస తప్పకుండా చక్రాల కిందికి వెళ్లాయి. లారీ వాళ్ల పక్కనుంచి పోయి కుప్ప రెండో కొస ఎక్కి, అక్కడ సుఖంగా నిలబడింది. "ఆడిదాక రాదంటివి గదరా!" అంది అవ్వ, నడుం మీద చేయి పెట్టుకుని. "గిప్పుడు నీ లెక్కను ఎత్తుకపో, నా పసుపు నాకియ్యి!"

బావ మొహంలో మస్కట్ కనబడుతోంది. సారు మాత్రం ప్యాంటు దులుపుకుంటూ లేచి, చక్రం విప్పమన్నాడు. డ్రమ్ము తీయగానే మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడ్డట్టు ఘుమఘుమ వాసన వచ్చింది. లైనర్ల మీద నూనె మెరుస్తోంది. ఇదెక్కడి నూనె అని బావ వంగి చూస్తుంటే, గోడ దగ్గర కొబ్బరికాయతో నిలబడిన అత్తమ్మ సంతోషంగా ముందుకొచ్చింది. "నేనే పెట్టిన సారూ. రాత్రే మంచి పల్లి నూనె రాసి, పసుపు బొట్టు వెట్టి, పొద్దుగాల తుడిశిన. మా సాంచెలకు కొత్త సామాను ఏదచ్చినా అట్లనే జేత్తం. నూనె లేకుంట యే మిషిను నడుస్తది?" సైలెన్సర్ తల పట్టుకుని, "నడుసుడు గాదు అమ్మా, గిది ఆగాలె!" అన్నాడు. ఆ మాట జగిత్యాల దాకా వినబడి ఉంటుంది.

సారు నవ్వాడు. పసుపు మొహంతో నవ్వుతుంటే పెళ్లికొడుకులా ఉన్నాడు. "ఇంకో సెట్టు ఉందా?" అని అడిగాడు. ఉంది, అత్తమ్మ కంటబడని చోట. మర్నాడు దాన్ని బిగిస్తున్నంతసేపూ అత్తమ్మను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "లెక్క నీదే కదా, గీత పక్కన నువ్వే నిలబడు" అన్నాడు. నిలబడ్డాను. అవ్వ అప్పటికే మిగిలిన పసుపును మిల్లు గోడ అవతలికి చేర్చేసింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి లారీ గీతకు ఇవతల మూడడుగుల్లో ఆగి ఉంది. "నీ లెక్క మళ్లీ తప్పిందయ్యా" అన్నాడు సారు. లెక్క తప్పినందుకు నేను సంతోషపడ్డది జీవితంలో అదొక్కసారే. నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. దాంతో పాటు ఒక షరతు కూడా: పూజ గోడకు చేసుకోవచ్చు, బ్రేకుకు వద్దు. ఇప్పటికీ దసరాకు మా గోడకే బొట్టు పెడతాం. అల్మారాలోని కవరును అక్క పొయ్యిలో పెట్టి, దాని మీదే చాయ్ కాచింది.

నలిగిన పసుపుకు బావ పైసలివ్వబోతే అవ్వ ముట్టలేదు. "పైసలేం జేసుకుంట? దిగుడు అచ్చిందంటె బండి ఎడ్ల మెడల మీదికి తోస్తది. నా బండికి గసొంటి బిరేకు ఒకటి జెయ్యి." "వారంల జేత్త అవ్వా" అన్నాడు బావ. ఆ వారంలోనే ఆర్డరు పని మొదలైంది, మరి ఖాళీ దొరకలేదు. లారీల తర్వాత రైలు డబ్బాల బ్రేకు ముక్కలు కూడా మా షెడ్డుకు వచ్చాయి, ఆ తర్వాత ఊరికి రైలూ వచ్చింది. స్టేషన్లో బండి నెమ్మదించి ఆగుతుంటే, అందులో మా ముక్క ఉందో లేదో తెలియకపోయినా, నేను కాస్త నిటారుగా నిలబడతాను. అవ్వ ఎడ్లను ఎప్పుడో అమ్మేసింది. అయినా పసుపు అమ్మడానికి వచ్చినప్పుడల్లా మనవడి ఆటో మా గేటు ముందు ఆపించి, "ఏమాయె కొడుకా నా బిరేకు?" అంటుంది. "ఎడ్లే లేకపాయె గదవ్వా" అంటే, "ఎడ్లు నావి, మాట మీది" అంటుంది. పోయిన ఆదివారం నెరిసిన తలతో, ముక్కు మీద కళ్లద్దాలతో కూర్చుని, రెండు ఎడ్ల బరువు, బండి బరువు, దిగుడు వాలు అన్నీ వేసుకుని ఆ లెక్క కట్టాను. చక్కగా వచ్చింది. రెండుసార్లు సరిచూశాను కూడా. ఇరవై ఏళ్లప్పుడైతే ఒక్కసారితో ఊరుకునేవాణ్నని నవ్వొచ్చింది. లెక్క ఇంకా కాగితం మీదే ఉంది. ఇవాళ్టికి అవ్వకు మా కంపెనీ బాకీ: బండి బ్రేకు, ఒకటి.